పేరంటం చేను

మా అత్తగారు నాంచారమ్మ చెయ్యి మంచిదని గుండ్లవాగుపాలెంలో పేరు. అది మామూలు పేరు కాదు. తొలకరి పడి పత్తి పెట్టే రోజు ఆవిడ ఒడిలో గింజలు పోసుకుని ఒక్కో చేను ఈశాన్యం మూలకి వెళ్ళి, సాళ్ళ కోసం నిలువూ అడ్డం తోలిన అచ్చు గీతలు కలిసిన చోట మొదటి గింజ పెట్టాలి. ఆ తర్వాతే ఆ చేలోకి కూలీలు దిగాలి. బోరు ఉన్నవాడైనా, ట్రాక్టరు ఉన్నవాడైనా అప్పటిదాకా గట్టు మీద నిలబడాల్సిందే. ఆవిడ పెట్టిన గింజ మొలవకపోవడం ఊళ్ళో ఎవరూ చూడలేదంటారు. నేను చూశాను. నా పెళ్ళయిన ఏడు పెరట్లో ఆవిడ పెట్టిన బీరగింజల్లో సగం మట్టిలోనే ఉండిపోయాయి. ఆ మాట అంటే, "అవి నువ్వు తెచ్చిన ఇత్తనాలు అమ్మాయ్" అంది. అంతటితో నేను నోరు మూసుకున్నాను.

నేను చదివింది పురుగుల శాస్త్రం. ఊరికి అరగంట బస్సు దూరంలో ఉన్న పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. ఊళ్ళో నన్ను పురుగుల కోడలు అంటారు. మొదట్లో ఉక్రోషం వచ్చేది. తర్వాత నేనే ఫోనులో "ఆఁ, పురుగుల కోడల్నే మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టాను. అత్తవారి ఊరు పెట్టిన పేరు ఒంటికి అంటుకోక తప్పదు.

వరసగా రెండేళ్ళు మా ఊరి పత్తిని గులాబీ పురుగు మింగేసింది. పైకి చేను పచ్చగా, నిండుగా ఉంటుంది. దగ్గరికి వెళితే పూలు విచ్చుకోకుండా ముడుచుకుని ఉంటాయి. గుడ్డిపూలు అంటారు వాటిని. కాయ చీలిస్తే లోపల చిన్న గులాబీ రంగు పురుగు హాయిగా పడుకుని ఉంటుంది. కాయ లోపల ఉన్నదానికి మందు తగలదు. మా పక్క చేను పేరయ్య మామయ్య ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని కాయలు ఒక్కొక్కటే చీల్చి చూస్తూ, "ఇంత దాకా పెంచింది దీనికేనా" అన్నాడు.

మా కేంద్రంలో అప్పటికే ఒక పత్తి మొక్క మీద పని జరుగుతోంది. మా పెద్ద శాస్త్రవేత్త ఇస్మాయిల్ గారు ఉద్యోగమంతా దాని మీదే గడిపారు. ఒకరోజు ఆయన పొడవాటి గాజు గొట్టానికి ఒక చివర మామూలు పత్తి కొమ్మ, రెండో చివర మా మొక్క కొమ్మ పెట్టించి, మధ్యలో ఆడ రెక్కల పురుగుల్ని, అంటే పెరిగి రెక్కలొచ్చిన గులాబీ పురుగుల్ని, వదలమన్నారు. వదిలాను. అవి కాసేపు తికమకపడ్డాయి. తర్వాత ఒకటి, దాని వెంట ఇంకొకటి, చివరికి అన్నీ మా కొమ్మ వైపే పోయి మొగ్గల మీద గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. మామూలు కొమ్మ వైపు ఒక్కటీ తిరిగి చూడలేదు. ఇస్మాయిల్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇక వీటిని తరమక్కర్లేదమ్మా. కబురు పంపితే చాలు" అన్నారు.

ఆ కబురు ఎంత దూరం వెళుతుందో నాకు మా ఇంటి వసారాలో తెలిసింది. అత్తయ్యకి చూపిద్దామని ఒక మొగ్గల రెమ్మ టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చాను. దీపాలు పెట్టే వేళకి ఆ డబ్బా మూత కనబడకుండా బూడిద రంగు రెక్కల పురుగులు వాలాయి. మా సొంత మామయ్య గేదెకి కుడితి పెట్టి వస్తూ ఆగి చూశాడు.

"ఏంది అమ్మాయ్, పురుగులకి పేరంటం పిలిచావా?" అన్నాడు.

ఆ మాటే నిలిచిపోయింది. కేంద్రంలో ఆ మొక్కకి ఏవో అక్షరాలూ అంకెలూ ఉన్నాయి కానీ, చివరికి ఇస్మాయిల్ గారు కూడా పేరంటం పత్తి అనే అనేవారు.

పద్ధతి చెప్పడానికి తేలికే. ఊరి మధ్యలో ఒక చేను పేరంటం పత్తి వెయ్యాలి. అది ఊరందరి కంటే ముందు, ఉగాది దాటగానే, బోరు నీళ్ళతో వెయ్యాలి. తొలకరి వానకి నేలలోంచి రెక్కల పురుగులు లేచేసరికి అది ఒక్కటే మొగ్గ తొడిగి ఉంటుంది. చుట్టుపక్కల పురుగంతా దాని మీద వాలి గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు కాయల్లో దూరాక, మళ్ళీ రెక్కలు వచ్చి బయటికి రాకముందే చేను మొత్తం నరికి, నుజ్జు చేసి పాతెయ్యాలి. పేరంటానికి వచ్చినవాళ్ళు ఇళ్ళకి తిరిగి వెళ్ళకూడదు. అంతే.

చెయ్యడమే కష్టమైంది. మొదట మా కేంద్రం పొలంలోనే వేశాం. ఎలాగూ పురుగుకి పోయేదే కదా అని పనివాళ్ళు కలుపు తియ్యలేదు, నీళ్ళు సరిగ్గా కట్టలేదు. మొక్కలు నీరసంగా లేచాయి. నీరసపు మొక్కకి పురుగుని పిలిచే వాసన ఉండదు, ఒక్క పురుగూ రాలేదు. దిటవైన మొక్క అయితేనే పిలుస్తుంది. పురుగు తినడానికే పెంచే చేనైనా, మన తిండి కోసం పెంచినంత శ్రద్ధగా పెంచే చెయ్యి కావాలి. అలాంటి చెయ్యి నాకు తెలిసింది ఒక్కటే.

అత్తయ్య మిరపకాయలు తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చుని విషయం చెప్పాను. ఆవిడ తొడిమలు తీస్తూనే అంతా విన్నది.

"అంటే నేను వేసి, నీళ్ళు పెట్టి, కలుపు తీసి, ఎదిగినాక పురుక్కి అప్పజెప్పాలి."

"అవునత్తయ్యా. పంట ధర కేంద్రం ఇస్తుంది."

"దాని సంగతి నేనడిగానా? చేత్తో పెంచినదాన్ని పురుగు తింటంటే చూస్తా ఊరుకోవాలి. అదేగా నువ్వు చెప్పేది?"

"అదే."

ఆవిడ చేటలో కాయలు చెరిగింది. మిరప ఘాటుకి నాకు తుమ్ములొచ్చాయి. ఆవిడకి ఏమీ రాలేదు.

"ఊళ్ళో చేలన్నీ నా చేత్తో మొదలైనయ్యే" అంది కాసేపాగి. "రెండేళ్ళ నుంచి అయ్యన్నీ పురుగుపాలయితే నా చేతినే తిన్నట్టు లేదా? సరేలే. కానీ చచ్చు చేను మాత్రం నా చేత్తో వెయ్యను. పురుక్కైనా సరే, చేను చేనులాగే ఉండాలి."

ఉగాది పచ్చడి చేదు నోట్లోంచి పోకముందే మా రెండెకరాల నల్లరేగడిని తడిపి, అచ్చు తోలించాం. ఆ ఎండలో పత్తి పెట్టేవాళ్ళని చూసి దారినపోయేవాళ్ళు ఆగి మరీ నవ్వారు. అత్తయ్య తలకి తువ్వాలు చుట్టుకుని సాలు వెంట సాలు పెట్టుకుంటూ పోయింది. నేను కూడా ఒక సాలు పెట్టాను. నా సాలులో మొలకలు పళ్ళూడిన నోరులా వచ్చాయి. ఆవిడ ఏమీ అనకుండా ఖాళీల్లో మళ్ళీ గింజలు పెట్టింది. ఏదైనా అంటే బాగుండేది.

మృగశిర కార్తెలో వాన పడింది. ఎప్పటిలాగే పేరయ్య మామయ్య తెల్లవారుతూనే వచ్చి, "వదినా, బయల్దేరు" అన్నాడు. ఆవిడ ముందు ఆయన చేలో గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూసింది. ముద్ద కట్టి, వేలితో తట్టగానే విడిపోయింది. విత్తనానికి తగిన పదును వచ్చిందని అర్థం. ఆ రెండు మూడు రోజుల్లో ఊరంతా విత్తేశారు.

ఆ తర్వాత పేరంటం మొదలైంది. మా రెండెకరాల మీద సాయంత్రాలు రెక్కల పురుగులు పొగలా ముసిరేవి. నేను సంతోషంతో ఒక చోట నిలవలేకపోయాను. అత్తయ్య మాత్రం చేలోకి వెళ్ళడం తగ్గించింది. ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి ఆవిడ సాళ్ళ మధ్య కూర్చుని గుడ్డిపూలు ఏరి ఒడిలో వేసుకుంటోంది.

"అత్తయ్యా, ఏరకండి. తినే కొద్దీ ఇంకా గట్టిగా పిలుస్తుంది మొక్క. ఏరేస్తే పిలుపు ఆగిపోతుంది."

"తెలుసు. చెప్పావుగా." ఒడిలోకి చూసుకుంది. "చేతులు ఊరుకోటల్లా అమ్మాయ్."

ఆవిడ ఒడి దులిపి పూలన్నీ మొక్కల మొదట్లో పోసింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు.

నరికే రోజున పెద్ద యంత్రం వచ్చింది. చేను అంత ఎత్తున, అంత నిండుగా ఉంది. ఏ కాయ చీల్చినా పురుగే. యంత్రం తిరిగినంతసేపూ అత్తయ్య గట్టు మీద నిలబడి చూసింది. అయిపోయాక ఇంటికి వచ్చి, చావింటి నుంచి వచ్చినట్టు తలమీద నుంచి నీళ్ళు పోసుకుంది. నీళ్ళు పోసుకోవడం వీధిలో ఆడవాళ్ళు చూశారు. నేనూ చూశాను కానీ దాని సంగతి అప్పుడు ఆలోచించలేదు. నా ఆలోచనంతా పక్క చేల మీద ఉంది. పక్క చేలు శుభ్రంగా ఉన్నాయి. పంట చేతికొచ్చే నాటికి పేరయ్య మామయ్య చేలో కాయలు విచ్చుకుని పిండి ఆరబోసినట్టు ఉంది. మా మామయ్య గట్టు మీద నుంచి చూసి, "ఓరి నీ, మనం పిలిచిన పేరంటానికి వాయనాలు వాళ్ళకి దక్కినయ్యే" అని నవ్వాడు.

మా చేను నరకకముందే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆటోల్లో వచ్చి మా కాయలు చీల్చి ఫోనుల్లో ఫొటోలు తీసుకుపోయారు. ప్రతి ఫోనులోనూ ఆ గులాబీ పురుగులు, కింద "నాంచారమ్మ గారి చేను" అనే మాట. తర్వాత పేరయ్య మామయ్య తెల్లటి చేను ఫొటో మాత్రం ఎవరూ తియ్యలేదు. బాగున్న చేను ఫొటో ఎవరికి కావాలి?

రెండో ఏడు ఉగాదికి మళ్ళీ మా చేలోనే పేరంటం పత్తి పెట్టాం. అత్తయ్యే పెట్టింది. ఇంతలో వైశాఖంలో ఒక అకాల జల్లు పడింది. దుమ్ము అణగడానికి సరిపోయేంత వాన. మర్నాడు పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే అత్తయ్య స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, గింజల చేట పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఇంత చిన్న జల్లుకే విత్తుతారా?" అన్నాను.

"విత్తరు. పదును రాలేదని నేను చెప్పాలిగా. చెప్పించుకోటానికైనా వస్తారు."

ఎవరూ రాలేదు. వీధి చివర ట్రాక్టర్ల చప్పుడు వినిపించింది. బోర్లున్నవాళ్ళు నీళ్ళు తోడుకుని విత్తుకుంటున్నారు. ఎండ గుమ్మంలోకి వచ్చింది. మామయ్య రెండుసార్లు కాఫీ తెచ్చిచ్చాడు.

"ఎవరూ రాలేదేంది అమ్మాయ్?" అంది అత్తయ్య. అడగడం అడిగింది కానీ ఆవిడకి జవాబు తెలుసు. చేట తీసుకుని లోపలికి వెళ్ళి గింజలు డబ్బాలో పోసుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా పేరయ్య మామయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన చేనూ అప్పటికే సగం విత్తేశారు. నన్ను చూసి తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీ పంట ఎవరి వల్ల దక్కింది మామయ్యా?"

"మీ అత్త వల్లే. కాదనను. ఏ దేవుడి ముందైనా చెప్తాను."

"మరి?"

"నీకు చెప్తే నవ్వుతావు. చదువుకున్నదానివి. ఇత్తనం కాడ మనసు పీకుద్ది అమ్మాయ్. ఆ చేతిని తల్చుకుంటే ఆ పురుగులే కళ్ళముందు మెదులుతన్నయ్యి. మా ఇంటోళ్ళు ఒప్పుకోటల్లా. పురుగుని పిలిచిన చెయ్యి అంటన్నారు. నిరుడు చేను నరికినాక ఆమె తలకి పోసుకుందంట. మంచి చేనుకి ఎవరన్నా తలకి పోసుకుంటారా?" ఆగి, "పంచాయతీ ఆఫీసులో శాలువా కప్పి సన్మానం చేద్దామనుకుంటన్నాం" అన్నాడు.

శాలువాని ఏం చేసుకోవాలో చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన మంచివాడు. మంచివాడి మీద అరిచి ప్రయోజనం లేదని తిరిగి వచ్చేశాను.

ఆ ఏడు పురుగు మళ్ళీ వచ్చింది. పేరంటం చేలో వాలింది, పేరయ్య మామయ్య చేలోనూ వాలింది, వాగు అవతల చేలల్లోనూ వాలింది. దసరా నాటికి ఊరంతా గుడ్డిపూలే. "చూశారా, ఆ చెయ్యి పడిన చేను పక్కన ఉంటే ఇంతే" అనేదాకా వెళ్ళింది మాట. ఆ సంగతి అత్తయ్య చెవిన పడకుండా చూద్దామనుకున్నాను. పల్లెటూళ్ళో చెవిన పడని మాట ఉంటుందా? ఆవిడ బావి దగ్గరికి వెళ్ళడం మానేసి, పెరట్లో కుళాయి నీళ్ళతోనే సరిపెట్టుకుంది.

కేంద్రంలో మేము మొక్కలో ఏదో తప్పు జరిగిందనుకున్నాం. గాజు గొట్టం మళ్ళీ బిగించాం. పురుగులు అప్పటిలాగే మా కొమ్మ వైపే పోయాయి. ఆకులు నలిపి పరీక్షించాం. వాసనలో రవ్వంత తేడా లేదు. గొట్టంలో పనిచేసేది ఊళ్ళో ఎందుకు పనిచెయ్యలేదో అర్థం కాలేదు. చివరికి ఇస్మాయిల్ గారు ఊరి పటం గోడకి తగిలించి, ఏ చేను ఎప్పుడు పూత పట్టిందో చూసి రంగు గుండుసూదులు గుచ్చమన్నారు. నేను రెండేళ్ళవీ పక్కపక్కనే గుచ్చాను.

మొదటి ఏడు పటం మీద పేరంటం చేను ఒక్కటే ఎర్ర సూది. మిగతావన్నీ ఒకే రంగు, పచ్చ. రెండో ఏడు పటం రంగుల పండుగలా ఉంది. బోర్లున్నవాళ్ళు వైశాఖం జల్లుకే విత్తారు. కొందరు మొలక రాక మళ్ళీ విత్తారు. కొందరు ఆరుద్ర దాకా ఆగారు. పురుగు లేచేసరికి పేరంటం చేనుతో పాటు ఇంకా ఎన్నో చేలు మొగ్గ మీద ఉన్నాయి. అక్కడ బలిసిన పురుగుకి ఆ తర్వాత ఒక చేను కాకపోతే ఇంకో చేను పూతతో ఎదురైంది. ఊరంతా విందు పెడితే పేరంటానికే రావాలని ఏముంది?

ఇస్మాయిల్ గారు పటం ముందు నిలబడి మెల్లగా అడిగారు. "ముందటేడు వీళ్ళందరినీ ఒకేసారి విత్తమని ఎవరు చెప్పారమ్మా? మన కేంద్రం చెప్పిందా?"

"లేదు సార్. ఎవరూ..." అని ఆగిపోయాను.

గుమ్మంలో చేట పక్కన పెట్టుకుని కూర్చున్న అత్తయ్య కళ్ళముందు మెదిలింది. గట్టు మీద నిలబడిన బోరు రైతులు మెదిలారు. ఊరిని తొలకరి దాకా ఆపి, రెండు మూడు రోజుల్లో విత్తించే ఏర్పాటు ఏదైనా ఉందీ అంటే, అది ఆవిడ చెయ్యి మంచిదన్న నమ్మకమే. దాని మీద నిలబడి మా మొక్క పనిచేసింది. మేము వెళ్ళి ఆ నమ్మకం ఉన్న చేతికే పురుగు చేను అప్పజెప్పాం.

"మా అత్తయ్య చెప్పారు సార్" అన్నాను.

ఇస్మాయిల్ గారు కుర్చీలో కూలబడ్డారు. ఫలానా తారీకున విత్తండని ఫోనులకి సందేశాలు పంపితే ఎలా ఉంటుందని ఆయనే అన్నారు, మళ్ళీ ఆయనే, "మా ఇంట్లోనే నా సందేశాలు ఎవరూ చదవరు" అని తల అడ్డంగా ఊపారు.

నేను పటాలు చుట్టుకుని పేరయ్య మామయ్య ఇంటికి వెళ్ళి, మంచం మీద పరిచి చూపించాను. ఆయన తన చేను ఎక్కడుందో వెతుక్కుని, ముందటేడు పచ్చ సూదిని, నిరుటి పసుపు సూదిని మార్చి మార్చి వేలితో ముట్టుకున్నాడు. "మేమే చెడగొట్టుకున్నామన్నమాట" అన్నాడు. ఆ మాట ఆయన ఇంకో నలుగురికి చెప్పాడు. ఉగాదికి ముందు వారం ఆ నలుగురినీ వెంటబెట్టుకుని మా వసారాలోకి వచ్చాడు.

అత్తయ్య ఎండిన చింతపండులో గింజలు తీస్తోంది. లేవలేదు.

"వదినా, తప్పయింది" అన్నాడు పేరయ్య మామయ్య నిలబడే. "ఈ తొలకరికి నువ్వు రావాలి. నువ్వు పదునయిందన్న దాకా ఎవరూ అచ్చు తోలరు. అందరం అనుకున్నాం."

"వస్తా. నాకేం" అంది అత్తయ్య. "మరి పేరంటం చేను ఎవరు పెడతారు?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు అప్పుడు తెలిసింది వాళ్ళ ఇబ్బంది. ఆ చెయ్యి తమ చేలకి కావాలి, పురుగు చేను పెట్టిన చెయ్యి మాత్రం వద్దు. అలాగని తమ చెయ్యి ఎవరూ ఇవ్వరు.

"నేను పెడతాను" అన్నాను.

"నువ్వు పెడితే మొలవదు" అంది అత్తయ్య. ఆ నలుగురిలో ఒకాయన నవ్వి, మళ్ళీ సర్దుకున్నాడు.

ఆవిడ చేతులు దులుపుకుంది. "పేరయ్యా, ఊరికి పురుగు పడితే పేరంటం ఊరు చెయ్యాలా, ఒక్క ఇల్లు చెయ్యాలా? రెండేళ్ళు ఒక్కదాన్ని చేశాను. ఇంక చెయ్యను. ఇంటికొక చెయ్యి రావాలి. నువ్వు, నీ పెళ్ళాం, మీరందరూ. తలా ఒక సాలు పెట్టాలి. అప్పుడది ఎవరి చెయ్యో పురుక్కీ తెలవదు, మీకూ తెలవదు."

"చేతులు చెడితే వదినా?"

"చెడితే అందరియ్యీ చెడతయ్యి. ఇంకప్పుడు మంచిదేది, చెడ్డదేది? ఆ పైన తొలకరికి పిలుస్తారా లేదా మీ ఇష్టం." చింతపండు మళ్ళీ ముందుకు లాక్కుంది. "చేను ఈ ఏటికి నాది. పై ఏటికి నీది. ఆ పై ఏటికి ఈయనది."

ఆవిడ గొంతు పైకి మామూలుగానే ఉంది కానీ, తీసిన చింతగింజల్ని మళ్ళీ పండులోనే వేసుకుంటోంది. వీళ్ళు కాదంటే ఆవిడకి ఈ ఊళ్ళో ఇక మొదటి గింజ లేదు. ఊరికి పత్తీ లేదు.

"మా ఇంటోళ్ళని నేను ఒప్పిస్తాలే" అన్నాడాయన చివరికి.

అందరూ రాలేదు కానీ చాలామంది వచ్చారు. ఉగాది దాటిన ఆ ఎండలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ మా చేలో సాళ్ళ మొదట్లో బారుగా నిలబడ్డారు. పేరయ్య మామయ్య భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని మొదటి గింజ పెట్టింది. రెండో గింజకి కళ్ళు తెరిచింది. సాలు సగానికి వచ్చేసరికి పక్క సాలావిడతో కూరల సంగతి మాట్లాడుతోంది. ఇస్మాయిల్ గారు కారు దిగి బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, తనకీ ఒక సాలు ఇమ్మన్నారు. ఆయన సాలు నా సాలు కంటే వంకరగా వచ్చింది. నాకు ఎంతో తృప్తి కలిగింది. అత్తయ్య ఆ రోజు ఒక్క సాలే పెట్టింది. అందరిలాగే. తర్వాత వారమంతా ఇస్మాయిల్ గారి సాలులో, నా సాలులో ఖాళీలు పూడ్చడానికే సరిపోయింది ఆవిడకి.

వైశాఖంలో జల్లు పడింది. ట్రాక్టర్లు కదల్లేదు. నేను మాత్రం రోజూ వీధి చివరి దాకా వెళ్ళి చూసి వచ్చేదాన్ని. రోహిణిలో రోళ్ళు పగిలే ఎండలు కాశాయి. పేరంటం చేను మాత్రం మోకాలెత్తు లేచి, మృగశిర నాటికి మొగ్గ తొడిగింది.

ఒక రాత్రి ఉరుములతో వాన వచ్చింది. తెల్లవారేసరికి అత్తయ్య స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చేట పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. నేను ఆవిడ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇద్దరం వీధి వైపు చూడనట్టు చూస్తున్నాం. మామయ్య కాఫీ తెచ్చిచ్చాడు. ఆవిడ తాగలేదు.

పేరయ్య మామయ్య వచ్చాడు. "వదినా, బయల్దేరు" అన్నాడు. ఆయన వెనక వీధి మలుపులో ఇంకా మనుషులు కనిపించారు.

ఆవిడ గింజలు ఒడిలో పోసుకుని నడిచింది. దారిలో ఒక్కో ఇంటివాళ్ళూ కలిశారు. పేరయ్య మామయ్య చేను గట్టుకి చేరేసరికి జనం చాలామందే అయ్యారు. ట్రాక్టరు చేను పక్కన పొగ వదులుతూ సిద్ధంగా ఉంది. అద్దెకి వచ్చిన డ్రైవరు తొందరపడుతున్నాడు. ఇంకో ఊరు వెళ్ళాలట. ఆకాశం తేటపడింది. ఈ పూట తప్పితే మళ్ళీ ఎప్పుడు పడుతుందో తెలియని వాన.

అత్తయ్య ఈశాన్యం మూలలో గొంతుకూర్చుని, పైమట్టి పక్కకి తోసి, లోపలి మట్టి గుప్పెడు తీసింది. పిడికిట్లో గట్టిగా నొక్కింది. వేళ్ళు విప్పింది. మట్టి ముద్ద కట్టకుండా పొడిపొడిగా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

ఆవిడ తలెత్తి మా అందరి వైపూ చూసింది. రెండేళ్ళు ఎదురుచూసిన మొదటి గింజ ఆవిడ ఒడిలో ఉంది. పెట్టేస్తానంటే పెట్టించుకోవడానికి ఊరంతా గట్టు మీద నిలబడి ఉంది.

"పదును రాలేదు" అంది. "ఇంకో వాన పడాలి."

పేరయ్య మామయ్య ఆకాశం వైపు చూశాడు, తన చేను వైపు చూశాడు. తర్వాత వెళ్ళి ట్రాక్టరు డ్రైవరుతో ఏదో చెప్పాడు. ఇంజను ఆగిపోయింది.

"అట్టాగే వదినా" అన్నాడు.

జనం మెల్లగా ఇళ్ళకి మళ్ళారు. అత్తయ్య ఒడిలో గింజలు ఒక్కటి కూడా కింద పడకుండా చేటలో పోసి, చేట నా చేతికిచ్చి ముందు నడిచింది. మా చుట్టూ ఊరి చేలన్నీ నల్లగా, ఖాళీగా ఉన్నాయి. వాటి మధ్య పేరంటం చేను ఒక్కటే మొగ్గలేసుకుని, పేరంటాళ్ళ కోసం ఎదురుచూస్తోంది.